రాయి చెప్పే జారుడు

పామర్రులో నాగలి దిగినంత లోతూ కృష్ణ పరిచిన ఒండ్రే. జారుడులో నలిగిన రాయి కావాలంటే తూర్పు కనుమల పడమటి అంచుకు, రాళ్లు ఒకదాని మీద ఒకటి జారిన పట్టీ అయిన సీలేరు షియర్ జోన్‌కు వెళ్లాలి. భూవిజ్ఞాని అక్కడ రాయిని పెకలించేముందే దాని మీద దిక్కూ వాలూ గీసుకుంటాడు. ఆ గీత లేని ముక్క మూగది. రాయి సాగినప్పుడు పడ్డ చారల వెంబడి, దాని రేకులకు అడ్డంగా కోసి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తే వెలుతురు రాయిలోంచి దూరుతుంది. సూక్ష్మదర్శినిలో గట్టి ఫెల్డ్‌స్పార్ గింజలకు రెండు పక్కలా తోకలు కనిపిస్తాయి; ఎగువ తోక ఎటు సాగితే పై రాయి అటు జరిగినట్టు. ఒక్క గింజ తప్పుదారి పట్టించదా? పట్టిస్తుంది, అందుకే ఎన్నో గింజల సాక్ష్యాన్ని అభ్రకం రేకుల వాలుతో సరిచూస్తారు. తరవాతి కదలిక పాతదాన్ని చెరిపేయదా? ప్రతిసారీ పూర్తిగా చెరపదు. మెత్తగా సాగిన చారలను పెళుసు పగుళ్లు కోశాయంటే, లోతున వేడిలో జరిగిన జారుడు ముందుది, పైకొచ్చి చల్లారాక విరిగినది తరవాతది.