పళ్లెం పెద్దదైతే చాలునా?

2005 మే 5న శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 మోసుకొనిపోయిన హామ్‌శాట్, ఔత్సాహిక రేడియో వారికి మన దేశం ఇచ్చిన చిన్న ఉపగ్రహం. 2014 జూలై వరకు అది పనిచేసినది. భూమికి దగ్గరగా తిరిగేది గనుక, ఆకాశంలో ఉన్న పది పదిహేను నిమిషాలూ యాగీ ఏంటెనాను చేతబట్టి దాని వెంట త్రిప్పుచూ మాట్లాడేవారు. డిష్‌తో పని ఉండేది కాదు.

2018 నవంబరు 15న ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2 ఈ పద్ధతిని మార్చినది. భూస్థిర కక్ష్యలో, 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచియున్న ఆ ఉపగ్రహంలో ఔత్సాహికుల కోసం కూడా ప్రసార సాధనాలు అమర్చినారు. క్యూవో-100 అని పేరుపెట్టి 2019 ఫిబ్రవరిలో వాడుకలోకి తెచ్చినారు. దానికి పంపునది 2,400 మెగాహెర్ట్‌జ్‌ల వద్ద, దాని నుండి వినునది 10,490 మెగాహెర్ట్‌జ్‌ల వద్ద. ఇక డిష్ తప్పదు. ఎట్టి డిష్, దాని ముందు ఎట్టి ఫీడ్ అన్నదే ప్రశ్న.

ఈ విషయమై దొరికే సూచనలలో హెచ్చు భాగం ఐరోపా వారు వ్రాసినవి. శ్రద్ధగా వ్రాసినవే. జర్మనీలోని ఆమ్‌శాట్-డి.ఎల్. వారు 75 సెంటీమీటర్ల డిష్, 5 వాట్ల శక్తి ఉంటే మాట పంపుటకు చాలునన్నారు. ఆ లెక్క సరియైనదే. చిక్కెక్కడ వచ్చినదంటే, వారి బొమ్మలను మనవారు ఉన్నవి ఉన్నట్లు దించుకొనుటలో వచ్చినది.

నిజామాబాద్ జిల్లాలో పసుపుకు పేరుపడిన ఆర్మూరునే తీసుకొనండి. అక్కడి మేడలపై కనిపించే డి.టి.హెచ్. డిష్‌లు ఆగ్నేయంగా, చాలా ఎత్తుకు చూచుచుండును. దూరదర్శన్ ఉచిత ప్రసారాలందించు 93.5 డిగ్రీల ఉపగ్రహం ఆర్మూరు నుండి సుమారు 62 డిగ్రీల ఎత్తున ఉన్నది. క్యూవో-100 అట్లు కాదు. నేరు పడమటికి 14 డిగ్రీలు దక్షిణంగా, 27 డిగ్రీలకు కొంచెం పైన మాత్రమే ఉండును. పది మీటర్ల చింతచెట్టు పడమట ఉన్నదంటే డిష్ దానికి ఇరవై మీటర్ల ఇవతల నుండవలె. ఆర్మూరులోని రాతిగుట్టల పాదాన ఇళ్లున్నవారు ఇది మొదట చూచుకొనవలె. పసుపు ఆరబోసే కళ్లాల వద్ద ఈ బాధ లేదు.

అసలు తేడా ధ్రువణంలో ఉన్నది. మాటలు దిగివచ్చే తరంగం నిలువు ధ్రువణం గలదని అన్ని సూచనలలోను ఉండును. నిలువనగా ఉపగ్రహానికి నిలువు, అనగా ఉత్తర దక్షిణాల దిక్కు. ఆర్మూరులో పడమటికి తిరిగి నిలుచున్నవానికి ఉత్తరం కుడిచేతి వైపు ఉండును. కాబట్టి ఆ నిలువు అక్కడ దాదాపు 67 డిగ్రీలు కుడికి ఒరిగి, ఇంచుమించు అడ్డంగా కనిపించును! లండనులో ఇదే తరంగం ఒరుగునది 19 డిగ్రీలు, అదియు ఎడమకు. లండను బొమ్మ చూచి ఎల్.ఎన్.బి. బిగించి, పుస్తకం చెప్పినట్లు నిలువు కోసం 13 వోల్టులిచ్చినవానికి ఏమియు వినిపించదు. అతడు డిష్ చిన్నదైనదనుకొని పెద్దది కొనును. పొరపాటున 18 వోల్టులిచ్చినవానికి మాత్రం చక్కగా వినిపించును. ఎందుకో అతనికి తెలియదు. ఎల్.ఎన్.బి.ని నిటారుగానే ఉంచి 18 వోల్టులిచ్చినను నష్టం ఒక్క డెసిబెల్ లోపే. దాని పైభాగాన్ని 23 డిగ్రీలు ఎడమకు ఒరిగించినచో అదియు పోవును.

ఫీడ్ సంగతి ఇంకొక రకం. 2,400 మెగాహెర్ట్‌జ్‌ల తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల డి.టి.హెచ్. డిష్ దాని ముందు అయిదు తరంగాల వెడల్పైనా లేదు. వినే తరంగానికైతే అదే డిష్ ఇరవైయొక్క తరంగాల వెడల్పు. చిన్న పళ్లెంలో చిందినదంతా నష్టమే గనుక, పంపే ఫీడ్ ఎంపికలోనే జాగ్రత్త కావలె. మడికి నీరు పెట్టే రైతు ఎరుగును: గట్టు దాటిన నీరు వృథా, అంచుకు చేరనిచో అంచు ఎండును. ఫీడ్ కూడా డిష్ అంచు వద్ద నడిమి శక్తిలో పదో వంతు పడునట్లు వెలిగించవలె. లోతు తక్కువైన డి.టి.హెచ్. డిష్ ఫీడుకు 80, 90 డిగ్రీల మేర కనిపించును. నాభ్యంతరం వ్యాసంలో 0.35 వంతు గల లోతైన డిష్ 142 డిగ్రీలు కనిపించును. ఒకదాని ఫీడ్ రెండవదానికి సరిపడదు.

ఐరోపాలో మెప్పు పొందిన ‘ప్యాచ్ ఆఫ్ ది ఇయర్’ ఫీడ్ రెండు రాగి పలకలు, నడుమ 22 మిల్లీమీటర్ల రాగి గొట్టం. వినే తరంగం గొట్టం గుండా ఎల్.ఎన్.బి.కి పోవును, పంపునది పలకల నుండి వెలువడును. చవకైనది, తెలివైనది. పంపే ధ్రువణం వృత్తాకారం గనుక మొత్తం ఫీడును ఎంత త్రిప్పినను పంపుటకు లోటు లేదు; ఆర్మూరు వంటి చోట ఇది పెద్ద సుగుణం. కాని దాని వెలుగు వెడల్పు. 60 సెంటీమీటర్ల డి.టి.హెచ్. డిష్ మీద కొంత చిందును. అచ్చట కొన్ని చుట్ల హెలిక్స్ మేలు. దానిని ఎడమ వాటంగా చుట్టవలె. ఉపగ్రహం కోరునది కుడి వాటమే గాని, డిష్ మీద పడి తిరిగిన తరంగం వాటం మార్చుకొనును.

1990లలో కేబుల్ వారు వాడిన ఎనిమిదడుగుల జల్లెడ డిష్ చవకగా దొరికినదని సంబరపడేవారున్నారు. పంపుటకు అది మంచిదే, అరవాటు చాలును. అంతకు మించి పంపి సంకేత దీపం కంటె బిగ్గరగా వినిపించినవానిని హెచ్చరించుటకు లైలా అనే ఏర్పాటు ఉన్నది. వినుటకు వచ్చినప్పుడే అది దెబ్బతినును. ఆ తరంగం 2.86 సెంటీమీటర్లు. జల్లెడ కన్ను మూడు మిల్లీమీటర్లు దాటరాదు, ఉపరితలం రెండు మిల్లీమీటర్లైనా వంకరపోరాదు. 4,000 మెగాహెర్ట్‌జ్‌ల కోసం చేసిన జల్లెడ దీనికి ఆగదు. ఆగినను దాని చూపు ఒక డిగ్రీ లోపే. గట్టిగాలికి గురి తప్పును.

60 నుండి 90 సెంటీమీటర్ల రేకు డిష్ ఆర్మూరుకు చాలును. మిగిలిన డబ్బు ఎల్.ఎన్.బి.కి పెట్టవచ్చును. దానిలోని 25 మెగాహెర్ట్‌జ్‌ల స్ఫటికాన్ని 390 రెట్లు చేసి వాడుదురు గనుక, మే నెల ఎండకు స్ఫటికం ఒక్క హెర్ట్‌జ్ జరిగినచో వినేవాని చెవిలో 390 జరుగును. ఎల్.ఎన్.బి.కి నీడ కల్పించుటకు ఒక ప్లాస్టిక్ డబ్బా చాలును.