తెరమీది విజ్ఞానకల్పనాచిత్రకథ: కాలము, అక్షరము

చిత్రకథ యనగానే బాలవినోదమని త్రోసిపుచ్చుట మనకు చిరకాలపు అలవాటు. కాని కంప్యూటరుతెరకొరకే గీసిన విజ్ఞానకల్పనాచిత్రకథలు సాహిత్యవిమర్శ పట్టించుకొనదగిన ప్రశ్నలను నేడు కొన్నిటిని ముందుంచుచున్నవి. ఇందు శిల్పమును సాంకేతికమును వేరుచేసి చూచుట సాధ్యము కాదు. గడి యెంత వెడల్పుండవలెను? తరువాతి చిత్రము ఎప్పుడు కనబడవలెను? అక్షరము బొమ్మలో కలిసియుండవలెనా, వేరుగా నుండవలెనా? ఇవి పనివాని ప్రశ్నలవలె తోచును. నిజమునకు కథాకాలమును ఎవరు నడుపవలెను, కథ ఎవరి మాటతో నడువవలెను అను ప్రశ్నలకే ఇవి రూపాంతరములు. ఈ వ్యాసమున మేము నిరూపింపబూనిన దింతియే.

1947 జూలైలో ప్రారంభమైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలకు ‘చిత్ర’గారు గీసిన బొమ్మలను స్మరింతము. అచ్చట కథను వాక్యము నడుపును. బొమ్మ ఒక క్షణమును పట్టి నిలుపును. బొమ్మను తీసివేసినను కథ నిలుచును. చిత్రకథలో అట్లు కాదు. రెండు గడులనడుమ నున్న ఖాళీలో కాలము గడచును. దానిని పాఠకుడే పూరించుకొనును. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ అను గ్రంథమున దీనిని విపులముగా చర్చించెను. తెరకు పుటకువలె అంచు లేదనియు, అది హద్దులేని పటమునకు కిటికీ వంటిదనియు 2000లో ‘రీఇన్వెంటింగ్ కామిక్స్’ నందు ప్రతిపాదించెను.

ఇట్టి పటము మనకు కొత్తది కాదు. చేర్యాల నకాశీపటము నిడుపైన గుడ్డమీద అడ్డువరుసలుగా కథను చిత్రించినది. పద్మశాలీలకు మార్కండేయపురాణమును చెప్పు కూనపులివారును, జాంబపురాణమును చెప్పు డక్కలివారును అట్టి పటమును విప్పుచు కథ నడిపెడివారు. నేటి చేతిఫోనులోని నిలువుచిత్రకథయు ఆకృతిలో దీనిని పోలియున్నది. భేదమెక్కడ? పటము విప్పు చేయి కథకునిది. తెరను జరుపు వ్రేలు పాఠకునిది. కథకుడు ఆగినచో సభ ఆగును. తెరమీద పాఠకుని ఆపుటకు రచయితకు ఖాళీస్థలము తప్ప వేరు సాధనము లేదు.

అయినను ఒక రచన కాలమును తిరిగి కథకుని చేతికి తెచ్చినది. రాండల్ మన్రో ‘ఎక్స్‌కేసీడీ’లో 2013 మార్చి 25న ‘టైమ్’ అను చిత్రమును ప్రకటించెను. అది ఒకేచోట మొదట అరగంటకొకసారి, పిదప గంటకొకసారి మారుచు, జూలైవరకు 3,099 చిత్రములుగా సాగినది. ఇద్దరు సముద్రతీరమున ఇసుకకోట కట్టుచుందురు, సముద్రము పెరుగుచుండును. ఈ పెరుగుదలను ఏ వాక్యమును ముందుగా చెప్పదు. వేచియున్న పాఠకుడే గుర్తించును. కథ సుమారు 11,000 ఏండ్ల భవిష్యత్తులో జరుగుచున్నదను సంగతి సైతము రాత్రి ఆకాశమున చిత్రించిన నక్షత్రముల స్థానములవలననే తేలవలెను. ముఖములేని గీతమనుష్యులు, నలుపు తెలుపు అను పొదుపు ఇచ్చట లోపము కాదు: మనుష్యులు మారనందుననే నీటిమట్టపు మార్పు కంటికి తగులును. 2014లో దీనికి హ్యూగో బహుమానము లభించినది.

కాని ఈ శిల్పమునకు మూల్యము కలదు. నేడు చదువువాడు ఆ చిత్రములను గబగబ త్రిప్పివేయగలడు. నిరీక్షణ పోయినచో రచనలో సగము పోయినట్లే.

తెలుగున మరియొక చిక్కు కలదు. మన లిపి గుడులతో పైకిని, ఒత్తులతో క్రిందికిని పెరుగును. పంక్తులనడుమ ఎడము ఎక్కువ కావలెను. ‘గురుత్వాకర్షణ’ వంటి పదము మాటబుడగలో పంక్తినంతయు ఆక్రమించును. బుడగను పెంచినచో బొమ్మ మరుగగును. అక్షరమును తగ్గించినచో ఒత్తు కనబడదు. దీనికి పరిహారము వాడుకభాషయే. గిడుగు రామమూర్తిగారు (1863–1940) విద్యకొరకు కోరినదానిని ఇచ్చట చోటు చాలమియే కోరుచున్నది. పారిభాషికపదము యంత్రపు పలకమీద నుండవచ్చును. మనుష్యులు మాత్రము తమ మాటయే మాటాడవలెను.

ఉదాహరణమునకు, విశాఖపట్టణ విజయనగరములనడుమ గోస్తనీతీరమున నున్న తగరపువలసను కథాస్థలముగా గ్రహింతము. అనంతగిరికొండలలో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయముద్వారా విశాఖకు నీరిచ్చి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. ఊరి ప్రక్కనే చిట్టివలస జనపనారమిల్లు కలదు. 2009లో దాని పని నిలిచినది. నూరేండ్ల తరువాతి తగరపువలసను గీయువాడు ఎగిరెడి వాహనములతో ప్రారంభింపనక్కరలేదు. ఈ నదికి నిలువుపటము సహజముగా అమరును. తెర జరిపినకొలది పాఠకుడు కొండనుండి కడలికి దిగును, నీరు సన్నగిల్లును, మిల్లుగోడలు దాటిన పిదప ఉప్పునీరు ఎదురువచ్చును. ప్రవాహమార్గమే పఠనమార్గమగును. ఎండిన ఇసుకలో నిలిచిన పసివాడు “ఏటి?” అని యడిగినచో చాలును. ఉత్తరాంధ్రమున అది ‘ఏమిటి’ యను ప్రశ్న. ఏరు అను పదమును వినిపించు మాటయు అదియే. రెండక్షరములు బుడగలో పట్టును. శిష్టభాషలోనికి మార్చినచో ఆ రెండర్థములు నిలువవు.

ఆ “ఏటి”ని బొమ్మలో గీయవలెనా, వేరుపొరలో టైపుచేయవలెనా? గీసిన అక్షరమునందు గొంతు కనబడును. కాని పాఠము జతచేయనిదే చూపులేనివారికి యంత్రము దానిని చదివి వినిపింపజాలదు, పరిశోధకుడు వెదుకజాలడు. యూనికోడులో తెలుగునకు 1991 నుండియే స్థానము కలదు గాన టైపుచేసిన అక్షరము వెదుకుటకు లొంగును. ఖతి మారినచో మాత్రము బుడగను దాటిపోవును. గీసిన అక్షరమును తెరమీద నుంచి, సంభాషణల పాఠమును ప్రత్యేకముగా జతపరచుట ఉత్తమమని మా అభిప్రాయము.

తుదకు పరిశోధకులకొక విన్నపము. ‘టైమ్’ చిత్రములన్నిటిని వరుసగా ప్రోగుచేసి నిలిపినవారు దాని పాఠకులే. ‘చందమామ’ ప్రతులను బైండుచేసి ఇండ్లలో దాచుకొన్నవారును అట్టివారే. తెరమీది రచనకు అద్దె చెల్లించుట మానిననాడు అది అదృశ్యమగును. బీరువాలో పాతప్రతి మిగిలియుండదు. కావున ఇట్టి రచనను పరిశీలించువారు చిత్రములను మాత్రమే గాక, వాని క్రమమును, ప్రకటించిన దినమును, చిత్రమునకు చిత్రమునకు నడచిన వ్యవధిని సైతము వ్రాసి యుంచవలెను. తాళపత్రమునకు పుష్పిక యెట్లో, దీనికిది యట్లు. ఆ వ్యవధి నమోదు కానిచో మనకు మిగులునవి బొమ్మలే గాని కథ కాదు.