‘ఎ రైజిన్ ఇన్ ద సన్’: మూసబొమ్మలూ మూడు తరాలూ

నల్లవాళ్ల సాహిత్యమంటే మన సభల్లో పోరాట గీతాలే ముందుకొస్తాయి. ఇంట్లో తల్లికీ బిడ్డకీ నడుమ జరిగే గొడవ రాజకీయం కాదన్నట్టు పక్కకు పోతుంది. లొరైన్ హాన్స్‌బెర్రీ నాటకాన్ని మేము చదివింది ఆ గొడవ కోసమే. నల్లజాతి స్త్రీ రాసి బ్రాడ్వే ఎక్కిన మొదటి నాటకం ఇది, 1959లో.

షికాగోలో ఇరుకిల్లు. చనిపోయిన తండ్రి పేర పదివేల డాలర్ల ఇన్సూరెన్స్ చెక్కు. తల్లి లీనా, కొడుకు వాల్టర్, కోడలు రూత్, డాక్టరు కావాలనుకునే కూతురు బెనీతా, మనవడు ట్రావిస్.

లీనాను ‘మామీ’ అని కొట్టిపారేసినవాళ్లున్నారు. 1939 నాటి ‘గాన్ విత్ ద విండ్’ సినిమాలో మామీకి దొరసాని బిడ్డే లోకం. లీనా కూడా తెల్లోళ్ల ఇళ్లల్లో చాకిరీ చేసిందే. కానీ ఆమె ఆశ, కోపం, పెత్తనం అన్నీ సొంత పిల్లల మీదే. దేవుణ్ణి కాదన్న కూతురి చెంప పగలగొడుతుంది కూడా. ఈమె సాధుమూర్తి ఎట్లయింది? భక్తిగల ముసలామె కనబడితే చాలు, మామీ అనేస్తారు. మూస చూసేవాళ్ల కంట్లోనే ఉంది.

ఆ కన్ను చదువుకున్న కూతురికీ వచ్చింది. నైజీరియా విద్యార్థి అసగాయి ఇంటికొస్తున్నాడు. ఆఫ్రికా అంటే టార్జాన్ అడవే అనుకుని అమ్మ ఏం మాట్లాడుతుందోనని బెనీతాకు కంగారు. ముందే పాఠం చెబుతుంది. అతనొచ్చాక లీనా ఆ పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెప్తుంది! నవ్వొస్తుంది. హాస్టలుకు అమ్మొస్తే దోస్తుల ముందు ఆమె యాస ఎట్లుంటదోనని బిగుసుకుపోయినోళ్లకు మాత్రం అంత తేలిగ్గా నవ్వు రాదు.

అసలు ఘట్టం చివర్లో ఉంది. వాల్టర్ స్నేహితుణ్ణి నమ్మి డబ్బు పోగొట్టాడు. తెల్లవాళ్ల పేటలో కొన్న ఇల్లు వదులుకుంటే డబ్బిస్తామని లిండ్నర్ అంతకు ముందే వచ్చిపోయాడు. ఇప్పుడు ఒప్పుకుంటానంటాడు వాల్టర్. దొర ముందు మోకరిల్లి పళ్లికిలించే బానిస వేషం ఇంట్లోనే కట్టి చూపిస్తాడు. తెల్లవాళ్ల వేదికలు తరాలుగా ఆడించిన వేషమే అది. లిండ్నర్ మళ్లీ వచ్చేసరికి రూత్ ట్రావిస్‌ను కిందికి పంపబోతుంది. లీనా పోనివ్వదు, చేసేదేదో కొడుకు చూస్తుండగానే చెయ్యమంటుంది. వాల్టర్‌కు ఆ వేషం రాదిక. వీడు ఈ దేశంలో మా ఆరో తరమని చెప్పి, ఇల్లు వదలమంటాడు. అసగాయి తెచ్చిన ఆఫ్రికా బట్టల్లోనే అస్తిత్వాన్ని వెతికేవాళ్లు ఈ ఘట్టం మళ్లీ చదవాలి.

ఇది గాలిలోంచి వచ్చిన కథ కాదు. హాన్స్‌బెర్రీ తండ్రి 1937లో షికాగో తెల్లపేటలో ఇల్లు కొన్నాడు. ఇంటి మీదికి మూక వచ్చింది. 1940లో సుప్రీంకోర్టులో గెలిచాడు. అయినా నల్లవాళ్లకు ఇళ్లు అమ్మరాదన్న ఒప్పందాలను కోర్టులు 1948 దాకా అమలు చేస్తూనే వచ్చాయి.

మాకొక పేచీ ఉంది. అది రూత్ గురించి. కడుపుతో ఉండి తెల్లోళ్ల వంటిళ్లలో పనిచేసేది ఆమె. కొత్తింటి కోసం బిడ్డను వీపున కట్టుకునైనా పనిచేస్తానన్నదీ ఆమే. చెక్కు ఆమెది కాదు, ఆఫ్రికా గురించి ఆమెనెవరూ అడగరు. ఆరు తరాల లెక్క చెప్పిన ఆ ఇంట్లో రూత్ తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో మాకు కనబడలేదు.