అకారం దాటని సర్వస్వం: ప్రణాళికా పరిధి - ఒక పరిశీలన

తెలుగులో అసంపూర్ణంగా మిగిలిన మహాప్రయత్నాల ప్రస్తావన వస్తే మొదట స్ఫురించేది కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనలో ప్రధాన పాత్ర వహించిన ఆయన, తరువాతి దశాబ్దంలో ఈ పనికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. 1923లో ఆయన మరణించేనాటికి గ్రంథం అకారాన్ని దాటలేదు. అకాలమరణం, ధనాభావం ఇందుకు కారణాలని చెప్పడం పరిపాటి. అవి కాదనలేనివే. కాని ప్రణాళికలోనే ఉన్న చిక్కును అవి కప్పివేస్తున్నాయి.

అకారాదిక్రమం నిఘంటువుకు సహజం. విజ్ఞాన సర్వస్వానికి అది నప్పాలంటే ఏ ఆరోపానికి ఎన్ని పుటలో ముందే నిర్ణయమై ఉండాలి. పైగా సంస్కృత పదజాలం విస్తారంగా ఉన్న తెలుగులో అకారమే బరువైనది. నఞర్థకమైన అ, అన్ మొదలుకొని అతి, అధి, అను, అప, అభి, అవ వంటి ఉపసర్గలతో ఏర్పడిన పదాలన్నీ అక్కడే చేరతాయి. ‘అద్వైతము’ మొదటి సంపుటాలలోనే ఎదురవుతుంది. ‘విశిష్టాద్వైతము’ వకారం దాకా ఆగాలి. వకారం చేరతామన్న నమ్మకం లేని సంపాదకుడు చెప్పదలచినదంతా ముందే చెప్పబోతాడు. అప్పుడు ఆరోపం వ్యాసమవుతుంది, వ్యాసం చిన్న గ్రంథమవుతుంది.

అయితే దీన్ని కేవలం లోపమనడం తొందరపాటు. సంక్షేపించడానికి ముందు విస్తారమైన వాఙ్మయం ఉండాలి. ఆధునిక శాస్త్రాలలో, చరిత్రలో అప్పటి తెలుగుకు అంతటి సామగ్రి లేదు. లక్ష్మణరావు బృందం ఒకవైపు పరిశోధన చేస్తూ, మరోవైపు పరిభాషను కల్పించుకుంటూ, దాన్నే క్రోడీకరించవలసి వచ్చింది. మూడు పనులను ఒకే ప్రణాళికలో ఇమిడ్చారు. నా దృష్టిలో అసలు భారం ఇదే.

కాశీనాథుని నాగేశ్వరరావు 1930లలో ఈ కృషిని తిరిగి చేపట్టినప్పుడు కూడా మొదటి సంపుటం నుండే సంస్కరణకు దిగారు. ఆగిన చోటు నుండి ముందుకు సాగడం కన్నా ఉన్నదాన్ని మెరుగుపరచడమే ముఖ్యమనిపించింది కాబోలు. పరిధి మళ్ళీ అక్కడే చిక్కుకుంది. స్వాతంత్ర్యానంతరం తెలుగు భాషా సమితి అకారాదిక్రమాన్ని గ్రంథమంతటికీ వర్తింపజేయక, విషయానుసారంగా సంపుటాలను విభజించింది. అందువల్ల పని ఏ దశలో ఆగినా వెలువడిన సంపుటం దానికదే పూర్ణగ్రంథం. లక్ష్మణరావు పాండిత్యం ముందు ఈ సంపుటాలు కొన్నిచోట్ల వెలవెలబోతాయి, కాని ఏదో ఒక శాస్త్రం గురించి మొదటి నుండి చివరి దాకా చదువుకోగల పుస్తకాన్ని పాఠకుడి చేతికిచ్చినవి ఇవే.

మన విశ్వవిద్యాలయాలలో ‘సమగ్ర పరిశీలన’ అనే మాటతో ముగిసే పరిశోధనాంశాలు నేటికీ నమోదవుతూనే ఉన్నాయి. ఒక కవి రచనలన్నీ, ఒక ప్రక్రియ ఆద్యంతమూ పరిశీలిస్తామని సంగ్రహంలో రాసి, కవి జీవితం, పూర్వకవుల ప్రభావం అనే మొదటి రెండు అధ్యాయాలకే సగం కాలాన్ని వెచ్చించినవారిలో నేనూ ఒకడిని. చివరి అధ్యాయాలు గడువు ఒత్తిడిలో రాసినవే. సంగ్రహాన్ని ఆమోదించే సమావేశాలలో అంశం నవ్యతను గురించి చర్చ జరుగుతుంది. ఏ రచనలను వదిలివేస్తున్నారని మాత్రం అభ్యర్థిని ఎవరూ అడగరు.