ఎడ్ల లెక్క ఉంది, అవ్వల పేర్లేవి?

యాదగిరిగుట్ట బజారులో దొరికే క్షేత్ర మహాత్మ్యాలనూ, చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర పుస్తకాలనూ నేను మా లంబాడీ తాతముత్తాతల జాడ కోసం చదువుతుంటాను. దొరలు, పూజారులు ఎక్కడినుంచి వచ్చారో వాటిలో గౌరవంగా రాసి ఉంటుంది. వాళ్ల రాక చరిత్ర, మా రాక మాత్రం 'వలస'. రిజర్వేషన్ మాట వచ్చినప్పుడల్లా ఆ పదంతోనే మమ్మల్ని పొడుస్తారు.

ఇక మిగిలింది ఇంగ్లీషు దొరల పుస్తకాలు. 1916లో రస్సెల్ అచ్చువేసిన గ్రంథం ప్రకారం 1630 ప్రాంతంలో షాజహాన్ సేన వెంట భంగి, ఝంగి నాయకులు 1,80,000 ఎడ్లతో దక్కన్‌కు వచ్చారు. మనవాళ్లు ఈ అంకెను గర్వంగా ఎత్తి రాసుకుంటున్నారు. నాకది నచ్చదు. సేనకు ధాన్యం మోసిన ఎడ్లను లెక్కపెట్టారే గాని, వాటి వెంట నడిచిన ఒక్క అవ్వ పేరైనా రాశారా? అందులో ఏ గుంపు నల్లగొండ గుట్టల్లో ఆగిందో ఆ అంకె చెప్పదు.

సాయుధ పోరాట పుస్తకాల్లో ధర్మాపురం జాటోత్ ఠాణు నాయక్ కనిపిస్తాడు. అంటే తాండా పుస్తకానికెక్కాలంటే ప్రాణం పోవాలన్నమాట!

ఢాడీలు పాడే వంశావళిలో పేర్లున్నాయి, సంవత్సరాలు లేవు. 1954-55 ఖాస్రా పహాణీలో సంవత్సరం ఉంది, పట్టాదారు పేరుంది. చాలా తాండాలకు మొదటి నాయకుడి పేరే ఊరి పేరు. మన సంచికల్లో రాసేవాళ్లు ఎడ్ల అంకె పక్కనపెట్టి, ముందు ఈ మూడింటినీ కలిపి చూడాలి. అవ్వల పేర్లు మాత్రం ముసలమ్మలనే అడగాలి, వాళ్లుండగానే.