వస్తోంది, ఉండు

మా నాన్న దర్జీ. దారం కొస నాలుకతో తడిపి, వేళ్ల మధ్య నలిపి, సూదిలోకి ఎక్కించేవారు. మూడు పనులూ నా కంటికి ఒక్కటిగానే కనపడేవి. అలాంటి మనిషికి ఇప్పుడు పార్కిన్సన్స్.

అందరూ వణుకుడు జబ్బనే అంటారు. నాన్నకి వణుకుతో పెద్ద పేచీ లేదు. చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడే వణుకుతుంది, కత్తెర కోసం చాస్తే చాలావరకు సద్దుమణుగుతుంది. తంటా అంతా నెమ్మదితోనే. సుద్దముక్క ఎదురుగానే ఉంటుంది. చెయ్యి బయల్దేరడానికే ఆలస్యమవుతుంది. బయల్దేరాక సగం దారిలో ఆగి, మళ్లీ కాస్త, మళ్లీ కాస్త జరుగుతుంది.

మొన్న దారపు రీలు బల్ల మీంచి దొర్లింది. నేను వంగేలోపే నాన్న చెయ్యి దాన్ని పట్టేసింది! ఇద్దరం నోరు తెరిచాం. కదిలే వస్తువు కంటపడితే కొందరు రోగుల్లో ఇలా జరుగుతుందని తర్వాత డాక్టరు చెప్పారు.

అంటే వేగం ఎటూ పోలేదన్నమాట. 2007లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి చెందిన మజోనీ, క్రకావర్ బృందం ఇదే పరీక్షించి చూసింది. ఇంత వేగంతో చెయ్యి చాచాలని రోగులకు షరతు పెడితే, వాళ్లు ఆ వేగాన్నీ అందుకున్నారు, గురీ చెడగొట్టుకోలేదు. కాకపోతే మామూలు వాళ్లకంటే ఎక్కువసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఈ జబ్బులో డోపమైన్ అనే రసాయనం తగ్గిన మెదడు కదలికకు అయ్యే శ్రమ దగ్గర పిసినారి అవుతుందని వాళ్లు తేల్చారు. జీవితమంతా గుడ్డ ముక్క వృథా కానివ్వని మా నాన్నకి ఇంకో పిసినారి తోడయ్యాడు.

కానీ సూది దొర్లదు కదా. పైగా చేరాల్సిన చోటు ఇరుకయ్యేకొద్దీ ఎవరికైనా సమయం ఎక్కువే పడుతుంది. పాల్ ఫిట్స్ అనే అమెరికన్ దాన్ని 1954లోనే లెక్కగట్టాడు. బెజ్జం కంటే ఇరుకేముంది? నాన్న ఆ లెక్క చదవలేదు గానీ, కాజాలు కుట్టే కుర్రాళ్లని ఏనాడూ తొందరపెట్టలేదు.

నేనే తొందరపెడతాను. నిన్న సాయంత్రం నా చొక్కా గుండీ ఊడితే దారం ఎక్కించడానికి కూర్చున్నారు. దారం కొస బెజ్జం దాకా వచ్చి, పక్కకి ఒరిగి, వెనక్కెళ్లింది. రెండోసారీ అంతే. ఆగలేక సూది కోసం చెయ్యి చాచాను.

నాన్న తల ఎత్తలేదు. "వస్తోంది, ఉండు" అన్నారు, తన చేతిని గురించి.