గోడమీద మన వీధి మనుషులు

పుదుచ్చేరి చూడవచ్చినవాళ్లు ఫొటోలు దిగేది సముద్రం ఒడ్డు ఫ్రెంచి వీధుల్లో, పసుపు పూసిన గోడల ముందు. బులెవార్డ్ దాటి ఒర్లియంపేట వైపు కెమెరా పట్టుకుని వచ్చేవాళ్లు అరుదు. బస్టాండు రద్దీ, చిన్న చిన్న దుకాణాలు, ఆనుకుని కట్టిన ఇళ్లు. ఇక్కడి గోడలకు దక్కేవి సినిమా పోస్టర్లు, పార్టీ రాతలు. కానీ కథ చెప్పే వీధి బొమ్మకు అసలు చోటు ఇలాంటి పేటే. హైదరాబాదులోనూ చెన్నైలోనూ జరిగిన పని చూశాక ఈ నమ్మకం నాలో గట్టిపడింది.

ఖైరతాబాద్ దగ్గర, రాజ్‌భవన్‌కూ హుస్సేన్‌సాగర్‌కూ నడుమ ఎం.ఎస్. మక్తా అనే ఇరుకు సందుల బస్తీ ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ హైదరాబాదు గోడల పండుగను ఆ బస్తీలో పెట్టింది. అంతకుముందు ఢిల్లీ లోధీ కాలనీలో ఇలాంటి పని చేసిన సంస్థే ఇది. మక్తాలో బొమ్మలు వేసినవాళ్లలో మన స్వాతి, విజయ్ దంపతులూ ఉన్నారు. వాళ్ల గోడలమీద ఎక్కువగా కనబడేవి తెలంగాణ ఊళ్ల మామూలు మనుషుల ముఖాలు. చెన్నైలో కణ్ణగి నగర్ సంగతి ఇంకా బరువైనది. కాలువల ఒడ్డున గుడిసెలు పోయినవాళ్లకూ, సునామీ బాధితులకూ ఇళ్లిచ్చిన పునరావాస కాలనీ అది. ఆ చిరునామా చెబితే పని దొరకదని అక్కడి పిల్లలు భయపడేవారు. 2020 నుంచి ఆ ఇళ్ల గోడలమీద పెద్ద పెద్ద బొమ్మలు వెలిశాయి.

సామాజిక సందేశం అంటే ఎలా ఉండాలో తెలియాలంటే మాత్రం చెన్నైలోనే ఇందిరా నగర్ రైల్వే స్టేషన్ గోడ చూడాలి. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లను వెలివేసినట్టు చూడడం మాన్పించాలని, తమిళనాడు ఎయిడ్స్ నియంత్రణ సంఘం తోడ్పాటుతో ఎ-కిల్, ఖత్రా అనే చిత్రకారులు ఆ గోడ పొడవునా మనుషుల ముఖాలు గీశారు. అందులో కొందరికి హెచ్.ఐ.వి. ఉంది, కొందరికి లేదు. ఎవరికి ఉందో గోడ చెప్పదు. చూసేవాళ్లు ఒక్కో ముఖాన్నీ పట్టిపట్టి చూస్తారు, ఏమీ తేల్చుకోలేరు. ఎందుకు వెతికామా అన్న ఆలోచన అప్పుడు మొదలవుతుంది. ‘వివక్ష చూపకండి’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఇంత పని జరగదు.

ఈ పనిలో సగం కష్టం బొమ్మ మొదలుపెట్టకముందే ఉంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో పాత సున్నం గోడలకు చెమ్మ ఎక్కుతుంది, ఉప్పు తెల్లగా పొంగుతుంది. దానిమీద నేరుగా రంగు వేస్తే ఒక్క వానాకాలానికే పెచ్చులుగా లేచిపోతుంది. అందుకని గోడను తీగ బ్రష్‌తో గీకి, కడిగి, బాగా ఆరనిచ్చి, పగుళ్లు పూడ్చి, ప్రైమర్ కొట్టాకే పైన ఎమల్షన్ వేస్తారు. అరచేతిలో పట్టే బొమ్మను మూడంతస్తుల గోడకు ఎక్కించడానికి పాత దారి గళ్లు గీసుకోవడం. ఇప్పటివాళ్లు గోడనిండా పిచ్చి గీతలు, అక్షరాలు, గుర్తులు రాసి ఫోన్‌తో ఫొటో తీస్తారు. ఆ ఫొటోమీద తమ బొమ్మను పరిచి, కన్ను ఏ అక్షరం పక్కన పడుతుందో, గడ్డం ఏ సున్నా కింద ఆగుతుందో చూసుకుని పరంజా ఎక్కుతారు. ప్రొజెక్టర్‌తోనూ గీయొచ్చు గానీ దానికి చీకటీ దూరమూ రెండూ కావాలి. ఇరుకు సందులో ఆ దూరం ఎక్కడినుంచి వస్తుంది?

విశాలమైన రంగుకు రోలరు, నీడల మెత్తదనానికి స్ప్రే డబ్బా, కంటి మెరుపుకు కుంచె. పరంజామీద నిలబడ్డవాడికి తను వేస్తున్న కన్ను తనంత ఎత్తు ఉంటుంది, ముఖం మొత్తం కనబడదు. అందుకే పదేపదే దిగి, రోడ్డు అవతలికి వెళ్లి చూసుకుంటారు. కిందనుంచి చూసేవాళ్లకు నుదురు కుంచించుకుపోయినట్టు ఉంటుంది కాబట్టి పైభాగాన్ని కొంచెం సాగదీసి గీస్తారు. కిటికీ, నీటి పైపు, కరెంటు మీటరు ఏవి అడ్డొచ్చినా బొమ్మలో కలుపుకోవలసిందే.

కథను గోడకెక్కించడం మనకు కొత్త కాదు. పదహారో శతాబ్దంలో కట్టిన లేపాక్షి వీరభద్రాలయం కప్పుమీద మనునీతి చోళుడి కథ ఉంది. కొడుకు రథం కింద దూడ నలిగిపోతే, ఆవుకు న్యాయం చేయడానికి సొంత కొడుకుకే శిక్ష వేసిన రాజు కథ అది. ఇంతకంటే గట్టి సామాజిక సందేశం ఏముంటుంది? చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రటి నేపథ్యంమీద వరసలు వరసలుగా కులపురాణాలు గీశారు. కథకుడు పటం విప్పి, బొమ్మ బొమ్మనూ చూపిస్తూ పాడేవాడు. శ్రీకాళహస్తి కలంకారీ పటాల్లో బొమ్మల కింద తెలుగు రాతలుంటాయి.

వీధి గోడకు ఆ కథకుడు లేడు. చూసేవాళ్లు బండిమీద పోతూ క్షణంలో దాటిపోతారు. కాబట్టి వరసగా అన్ని ఘట్టాలూ గీస్తే కుదరదు. ముందేం జరిగిందో, తర్వాతేం జరగబోతోందో ఊహకు అందే ఒక్క ఘడియను పట్టుకోవాలి. ఈ రోజుల్లో మున్సిపాలిటీలు వేయించే చాలా గోడలు తప్పేది ఇక్కడే. భూగోళం, చెట్టు, రెండు చేతులు, కింద ఒక నినాదం. అదే బొమ్మ ప్రతి ఊళ్లోనూ ఉంటే ఎవరి కంటికీ ఆనదు. మెక్సికోలో 1920లలో రివేరా, ఒరొజ్కో, సికేరోస్ అనే చిత్రకారులు ప్రభుత్వ భవనాల గోడలకెక్కించింది నినాదాలు కాదు. తమ దేశపు రైతులను, కూలీలను, వాళ్లు పడ్డ పాట్లను. అందుకే ఆ గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి.

ఒక మాట మాత్రం దాచకూడదు. గోడకు రంగు పడినంత మాత్రాన మురుగుకాలువ బాగుపడదు, కుళాయిలో నీళ్లు రావు. పేదల కాలనీకి బొమ్మలు వేసి, మిగతా పనులు ఎగ్గొడితే ఆ అందం ముసుగే అవుతుంది. కాలువ పనీ గోడ పనీ కలిసి నడవాలి.

ఒర్లియంపేటలో ఈ పని చేయాలనుకునేవాళ్లు ముందు వీధిలో కూర్చుని వినాలి. పూలు కట్టే అమ్మ, బస్టాండు దగ్గర ఆటో తోలే అన్న, పొద్దున్నే చేపల తట్ట దించే అక్క, పని మీద యానాం నుంచి వచ్చి దిగే మనవాళ్లు, వీళ్ల ముఖాలు గోడమీదికి రావాలి. బొమ్మ పక్కన రాతల్లో తమిళంతో పాటు ఒక వరస తెలుగూ ఉంటే మరీ సంతోషం. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. గోడలు ఆరాక, ఎండలు ముదరకముందే పని మొదలుపెట్టాలి. ఇంటివాళ్ల ఒప్పుదలా మున్సిపాలిటీ అనుమతీ ముందే తీసుకోండి. ఖర్చులో కొంత భాగాన్ని కొన్నేళ్ల తర్వాత రంగు దిద్దడానికి పక్కన పెట్టండి. ఆ వీధి పిల్లల్లో గీయగలిగినవాళ్లకు కుంచె పట్టడం అప్పుడే నేర్పండి. రేపు ఆ బొమ్మలను దిద్దవలసింది వాళ్లే.